సర్పంచ్ గారి భార్య

మా ఊళ్ళో మా నాన్నమ్మని అందరూ "సర్పంచ్ గారి భార్య" అంటారు. అందులో ఒక తప్పుంది. సర్పంచ్ మా తాతయ్య కాదు, మా నాన్నమ్మే.

2001 పంచాయతీ ఎన్నికలప్పుడు మా ఊరి సర్పంచ్ పదవి మహిళలకి రిజర్వ్ అయింది. తాతయ్య అప్పటికే ఏడాదిగా పోటీ చేద్దామని అందరి ఇళ్ళకీ తిరుగుతున్నారు. రిజర్వేషన్ సంగతి తెలిసిన రోజు సాయంత్రం ఇంటికొచ్చి "నామినేషన్ నువ్వెయ్యాలి" అన్నారట. నాన్నమ్మ గేదెకి కుడితి పెడుతోందట. "సరే" అందట. మా ఇంటి రాజకీయ చరిత్ర అంతే.

గెలిచింది. ఐదేళ్ళు పదవిలో ఉంది. కమ్యూనిటీ హాలు గోడలో ఉన్న శిలాఫలకం మీద ఆమె పేరే ఉంది. కానీ మీటింగులకి వెళ్ళింది, మండలాఫీసుకి తిరిగింది, ఊళ్ళో పంచాయితీలు తీర్చింది తాతయ్యే. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఇప్పటికీ కిరాణా కొట్టు దగ్గర నన్ను ఎవరైనా అడిగితే "సర్పంచ్ గారి మనవరాలు" అని చెప్తారు. ఆ సర్పంచ్ గారంటే తాతయ్య అని నాకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు.

నిజం చెప్పాలంటే నేనెప్పుడూ దీని గురించి ఆలోచించలేదు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం, ఇంటర్ నుంచి హాస్టల్. ఊరంటే సంక్రాంతికి మూడు రోజులు, వేసవిలో వారం. తెలుగు చదవడం కూడా ఈ క్లబ్‌లో చేరాకే కాస్త స్పీడందుకుంది. (ఒత్తులు ఎక్కడైనా తప్పుంటే క్షమించండి, ఫోన్ కీబోర్డుని తిట్టుకోండి.)

ఆలోచించేలా చేసింది మా పెదనాన్న గారి అమ్మాయి. అక్క కెనడాలో చదువుతోంది. టొరంటో పక్కనే మిస్సిసాగా అనే ఊరు. మనవాళ్ళు టొరంటోలో దిగాం అని స్టేటస్ పెడతారు చూడండి, ఆ పియర్సన్ ఎయిర్‌పోర్ట్ నిజానికి ఉన్నది మిస్సిసాగాలోనే. అక్క చదివేది షెరిడాన్ కాలేజీ హేజల్ మెకాలియన్ క్యాంపస్‌లో. ఒకరోజు వీడియో కాల్‌లో మాట్లాడుతూ, "ఈవిడ పేరు ఇక్కడ ఎక్కడ పడితే అక్కడ ఉంది, యూనివర్సిటీ లైబ్రరీకి ఈవిడ పేరే, కొత్తగా వేస్తున్న రైలు లైనుకీ ఈవిడ పేరే. మన దగ్గర ఎన్టీఆర్ పేరులాగ" అంది. ఎవరో రాణి గారేమో అనుకున్నా. మేయర్ అట. 36 ఏళ్ళు వరుసగా ఒకే ఊరికి మేయర్.

ముప్ఫై ఆరా? మా క్లాసులో సీఆర్ పదవి ఒక సెమిస్టర్ నిలబడదు. అందుకే వెతకడం మొదలుపెట్టా. రేపు ల్యాబ్ ఎక్స్‌టర్నల్ ఉందని తెలిసి కూడా రాత్రి రెండింటి దాకా చదివా.

హేజల్ మెకాలియన్ 1921 ఫిబ్రవరి 14న పుట్టారు. కెనడాలోనే క్విబెక్ రాష్ట్రంలో, సముద్రం ఒడ్డున ఒక చిన్న పల్లె. ఇంట్లో చేపల వ్యాపారం, పొలం. యూనివర్సిటీకి పంపించే స్తోమత లేదు. సెక్రటరీ పని నేర్పే కోర్సు చేసి మాంట్రియల్‌లో ఉద్యోగంలో చేరారు. అక్కడ ఆడవాళ్ళ ఐస్ హాకీ టీములో ఆడేవారు, ఆటకి ఐదు డాలర్లు ఇచ్చేవారట. తర్వాత ఒక ఇంజనీరింగ్ కాంట్రాక్టు కంపెనీలో చాలా ఏళ్ళు ఆఫీసు వ్యవహారాలు చూశారు. అంటే ఇంజనీర్ల మధ్య, ఇంజనీర్ కాకుండా. ప్లాంట్లు ఎలా కడతారో, కాంట్రాక్టర్ ఎక్కడ ఎక్కువ వేస్తాడో ఆవిడకి అక్కడే తెలిసుంటుందని నా అనుమానం.

పెళ్ళయ్యాక భర్తతో కలిసి స్ట్రీట్స్‌విల్ అనే చిన్న ఊళ్ళో స్థిరపడ్డారు. ఆ ఊరికి 1970లో మేయరయ్యారు. అయితే ప్రభుత్వం 1974లో ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిపేసి మిస్సిసాగా అనే ఒకే నగరం చేసింది. స్ట్రీట్స్‌విల్‌ని కలపొద్దని ఈవిడ గట్టిగా పోట్లాడి ఓడిపోయారు. తన ఊరు ఏ నగరంలో కలవకూడదన్నారో, 1978లో అదే నగరానికి పోటీ చేసి, ఉన్న మేయర్‌ని ఓడించి గెలిచారు. అప్పటికి వయసు 57. మన దగ్గర గవర్నమెంటు ఉద్యోగులు రిటైర్మెంటుకి ఎన్నాళ్ళుందా అని లెక్క చూసుకునే వయసు.

గెలిచి ఏడాది కాకముందే పరీక్ష వచ్చింది. 1979 నవంబర్ 10, శనివారం, అర్ధరాత్రి కావస్తోంది. 106 వ్యాగన్ల గూడ్సు బండి మిస్సిసాగా మధ్యలోంచి వెళ్తోంది. ఒక ఇరుసు బేరింగు సరిగ్గా గ్రీజు లేక వేడెక్కి విరిగిపోయింది, వ్యాగన్లు పట్టాలు తప్పాయి. కొన్నిట్లో ప్రొపేన్ గ్యాసు. పేలిపోయి మంటలు లేచాయి. అసలు ప్రమాదం ఇంకొకటి. ఒక ట్యాంకు నిండా క్లోరిన్, దానికి చిల్లు పడింది. క్లోరిన్ గాలి కంటే బరువు, పైకి పోకుండా నేలమీదే పాకుతుంది. ఇంటర్ కెమిస్ట్రీలో మార్కుల కోసం చదివిన వాక్యమే ఇది. ఒక ఊరి మధ్యలో, నిద్రపోతున్న జనం మధ్యలో, ఆ వాక్యానికి అర్థం వేరు.

ఆ రాత్రి నుంచి 2 లక్షల మందికి పైగా జనాన్ని ఇళ్ళు ఖాళీ చేయించారు. మూడు హాస్పిటళ్ళ రోగులతో సహా. పోలీసులు, ఫైర్ వాళ్ళు, రాష్ట్ర ప్రభుత్వం అందరూ కలిసి చేసిన పని అది, ఒక్కరు చేసింది కాదు. కానీ ఊరికి ముఖం కావాలి కదా. మేయరమ్మ కాలు బెణికితే కుంటుకుంటూనే తిరిగి, జనానికి ఎప్పటికప్పుడు సంగతి చెప్పారు. అందరూ ఇంటికి చేరడానికి దాదాపు వారం పట్టింది. ఒక్కరు కూడా చనిపోలేదు.

ఆవిడని జనం "హరికేన్ హేజల్" అన్నారు. హరికేన్ అంటే తుఫాను. అంతకు ముందు 1954లో టొరంటోని నిజంగానే ముంచేసిన తుఫాను పేరు అది. మన దివిసీమ ఉప్పెనంత గుర్తు అక్కడివాళ్ళకి.

మొదటిసారితో కలిపి వరుసగా 12 సార్లు గెలిచారు. ప్రచారం చేసేవారు కాదు, విరాళాలు తీసుకునేవారు కాదు. నాకివ్వాలనుకున్న డబ్బు ఏదైనా మంచి పనికివ్వండి అనేవారు. 2006లో 90 శాతం పైగా ఓట్లు వచ్చాయి. పొలాల మధ్య ఒక పెద్ద మాల్ తప్ప ఏమీ లేని చోటు ఆవిడ హయాంలో ఆకాశహర్మ్యాల డౌన్‌టౌన్ అయింది. ఊరి జనాభా 7 లక్షలు దాటింది. 93 ఏళ్ళ వయసులో 2014లో దిగిపోయారు. 2023 జనవరి 29న, 102వ పుట్టినరోజుకి రెండు వారాల ముందు కన్నుమూశారు.

ఇదంతా చదివి ఎగిరిపోయా. మన మ్యాగజైన్‌కి "ఒక ఆడది తలచుకుంటే" టైపులో రాసేద్దామనుకున్నా. సెలవులకి ఊరెళ్ళినప్పుడు వరండాలో కూర్చుని ఫోన్లో నోట్స్ రాసుకుంటున్నా. నాన్నమ్మ చిక్కుళ్ళు గిల్లుతూ "ఏమిటే అంత దీక్షగా?" అంది. చెప్పా. రైలు, క్లోరిన్, కుంటి కాలు, 36 ఏళ్ళు, అన్నీ. శ్రద్ధగా వింది. అంతా అయ్యాక ఒకే ప్రశ్న అడిగింది.

"ఆవిడ సంతకం ఆవిడే పెట్టేదా?"

నాకు అర్థం కాలేదు. "అదేంటి నాన్నమ్మా, మేయర్ కదా, ఆవిడే పెడుతుంది" అన్నా.

"నేనూ పెట్టానే. తీర్మానాల పుస్తకం తెచ్చి ఇక్కడే ఈ అరుగు మీద పెట్టేవాళ్ళు. మీ తాతయ్య వేలు చూపించిన చోట పెట్టేదాన్ని. ఆవిడ చదివి పెట్టేదా, చూపించిన చోట పెట్టేదా అని అడుగుతున్నా."

నాన్నమ్మ ఏడో తరగతి దాకా చదివింది. పేపరు రోజూ చదువుతుంది, నా కంటే స్పీడుగా. చదవడం రాక కాదు. చదవమని ఎవరూ అడగలేదు.

"మరి ఎప్పుడూ నువ్వు సొంతంగా ఏమీ చెయ్యలేదా?" అని అడిగేశా. అడిగాక, అలా అడిగి ఉండకూడదనిపించింది. కానీ నాన్నమ్మ బాధపడలేదు. చిక్కుళ్ళ చేట పక్కన పెట్టింది.

వానాకాలం, పదవిలో మూడో ఏడో నాలుగో ఏడో. తాతయ్య ఎవరికో తోడుగా విజయవాడ హాస్పిటల్‌కి వెళ్ళారు. చెరువు వైపు వీధిలో ఇంటికొకరికి వాంతులు, విరేచనాలు. ట్యాంకు నీళ్ళు వదిలే అతను పొద్దున్నే వచ్చి "అయ్యగారు లేరా అమ్మా?" అన్నాడు. లేరంటే వెళ్ళిపోబోయాడు. నాన్నమ్మ ఆగమంది. ఆ వీధికి వెళ్ళి చూసింది. మురిక్కాలవలోంచి వెళ్తున్న పైపు జాయింటు దగ్గర బుడగలొస్తున్నాయి. నీళ్ళు వదిలినప్పుడు కారడం, ఆపినప్పుడు మురుగు లోపలికి పీల్చుకోవడం. "వాల్వు కట్టెయ్" అంది. "ఊరంతా తిడతారమ్మా" అన్నాడు. "నన్నే కదా తిడతారు, కట్టెయ్."

నర్సమ్మని పిలిపించి ఇంటింటికీ ఉప్పు పంచదార నీళ్ళ పాకెట్లు ఇప్పించింది. పక్కూరి బావి నుంచి ట్రాక్టరు మీద డ్రమ్ములతో నీళ్ళు తెప్పించింది. ట్యాంకు కడిగించి బ్లీచింగ్ కలిపించింది, పైపు మార్పించింది. మూడు రోజులు. ఎవరూ పోలేదు.

బ్లీచింగ్ అంటే క్లోరినే. అక్కడ అదే ప్రాణం తీయడానికి వచ్చింది, ఇక్కడ అదే నిలబెట్టింది. ఈ మాట చెప్తే నాన్నమ్మకి పెద్దగా ఆశ్చర్యం కలగలేదు. "దేనికైనా పాళ్ళు ఉంటాయిగా" అంది.

"తాతయ్య వచ్చి ఏమన్నారు?"

"నాకు ఫోన్ చేయించకుండా ఎందుకు కట్టించావ్ అన్నారు. తర్వాత మండలాఫీసులో, మేం వెంటనే చర్యలు తీసుకున్నామండీ అని చెప్పారంట." నవ్వింది. కోపం లేదు. "ఆ మూడు రోజులూ నేనే సర్పంచిని."

తాతయ్య చెడ్డవాడు కాదు. నన్ను సైకిల్ మీద తిప్పింది ఆయనే, లెక్కలు నేర్పింది ఆయనే. ఆయన గురించి ఇలా రాస్తుంటే చెయ్యి ఆగుతోంది. కానీ ఈ రెండూ నిజాలే. పంచాయతీల్లో ఆడవాళ్ళకి మూడో వంతు పదవులు ఉండాలన్న 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకొచ్చింది. కుర్చీ ఇవ్వడం చట్టం చేసే పని. ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారన్నది ప్రతి ఇంటి వరండాలో తేలాలి. మా వరండాలో అది తాతయ్య వైపు తేలింది. తర్వాతి ఎన్నికలకి మా ఊరి రిజర్వేషన్ మారిపోయింది, నాన్నమ్మని మళ్ళీ నిలబడతావా అని ఎవరూ అడగలేదు.

మనకి ఆడ మేయర్లు కొత్తేమీ కాదు. హేజల్ మెకాలియన్ స్ట్రీట్స్‌విల్‌కి మేయర్ కాకముందే, 1962లో, హైదరాబాద్‌కి రాణీ కుముదినీ దేవి మేయరయ్యారు. కాబట్టి కెనడా గొప్ప, మనం తక్కువ అని చెప్పడానికి ఇది రాయట్లేదు.

అదీకాక, ఆవిడ కథ అంత తెల్లటి కాగితమేమీ కాదు. 1982లో, తనకీ భూమి ఉన్న ప్రాంతం గురించి చర్చ జరుగుతుంటే చెప్పి బయటికి వెళ్ళాల్సింది పోయి అక్కడే కూర్చున్నారని కోర్టు తప్పు పట్టింది. కావాలని చేసింది కాదని పదవి మాత్రం తీసెయ్యలేదు. మళ్ళీ దాదాపు ముప్ఫై ఏళ్ళకి, కొడుకు ప్రయోజనం ఉన్న ఒక హోటల్ ప్రాజెక్టు కోసం మేయర్ హోదాలో సాయపడ్డారని 2011లో న్యాయ విచారణ నివేదిక తప్పు పట్టింది. పదవి నుంచి తీసెయ్యాలని వేసిన కేసుని మాత్రం 2013లో కోర్టు కొట్టేసింది. నాన్నమ్మకి ఇది చెప్తే "కొడుకు కోసమా? అక్కడ కూడానా?" అని తెగ నవ్వింది. అంతకు ముందు చెప్పిన గొప్పలన్నీ విన్నాక, ఇప్పుడే ఆవిడ దగ్గరి మనిషిలా అనిపించినట్టుంది.

ఇంకొకటి మా సీఎస్ వాళ్ళకి త్వరగా అర్థమవుతుంది. ఆవిడ ఊరికి చాలా ఏళ్ళు అప్పు లేదు. కొత్త ఇళ్ళు కట్టే కంపెనీల దగ్గరే రోడ్లకీ పైపులకీ ఫీజు వసూలు చేసేవారు. ఖాళీ పొలాలున్నంత కాలం బాగా నడిచింది. పొలాలు అయిపోయాయి, కొత్త ఫీజులు తగ్గాయి, పాత రోడ్లకి రిపేర్లు మొదలయ్యాయి, చివరికి అప్పు చేయక తప్పలేదు. పైగా ఇళ్ళన్నీ దూరదూరంగా, కారు లేకపోతే కదల్లేనట్టు పరుచుకుపోయాయి. మనం డెడ్‌లైన్ కోసం ఏదో ఒకటి రాసేసి, పని చేస్తోంది కదా అని వదిలేస్తాం. రెండేళ్ళ తర్వాత ఎవరో జూనియర్ ఆ కోడ్ తెరిచి తల పట్టుకుంటాడు. దాన్ని టెక్నికల్ డెట్ అంటారు. బ్యాంకు పుస్తకంలో కనపడని అప్పు. మా అక్క చలిలో బస్టాపులో నలభై నిమిషాలు నిలబడుతుందే, ఆ అప్పు తీరుస్తోంది అక్కే. ఇప్పుడు ఆవిడ పేరుతోనే వేస్తున్న రైలు లైను కూడా అందుకే.

ఒకరే 36 ఏళ్ళు ఉండటం మంచిదా కాదా అని నన్నడిగితే తేల్చి చెప్పలేను. మంచి పనులకీ ఆవిడే జవాబుదారు, తప్పులకీ ఆవిడే. కనీసం ఎవరిని అడగాలో ఊరికి తెలుసు. మా ఊరికి ఆ ఐదేళ్ళు అది కూడా తెలీదు. రాయి మీద ఒక పేరు, నోటి మీద ఇంకో పేరు.

ఇక అసలు చెప్పాల్సింది. నేను ఒక స్టూడెంట్ అసోసియేషన్‌లో జాయింట్ సెక్రటరీని. ఏ అసోసియేషనో అడగొద్దు. "అమ్మాయిల నుంచి ఒకరు ఉండాలి" అన్నారు, నా పేరు వేశారు. నేనూ "సరే" అన్నా. గేదె దగ్గర నాన్నమ్మలాగే. ఏడాదిగా నా పని ఏంటంటే సంతకం. వెన్యూ పర్మిషన్, స్పాన్సర్ లెటర్, బిల్లులు. క్లాసు బయటికి పిలిచి "ఇక్కడొకటి పెట్టు" అంటారు, గోడకి కాగితం ఆనించి పెట్టేస్తా. ఆ కాగితాల్లో ఏముందో ఒక్కటీ గుర్తులేదు. నాకు ఇంగ్లీష్ మీడియం చదువుంది, ల్యాప్‌టాప్ ఉంది, ఆడపిల్లలు ముందుకు రావాలని స్టేజి మీద మాట్లాడే నోరుంది. నాన్నమ్మకి వేలు చూపించడానికి కనీసం మొగుడున్నాడు. నాకు ఎవరూ వేలు కూడా చూపించనక్కర్లేదు, ఖాళీ ఎక్కడుందో నేనే వెతుక్కుని పెడుతున్నా.

సెలవుల నుంచి వచ్చిన వారానికి మళ్ళీ ఒక కాగితం వచ్చింది. "చదివి ఇస్తా" అన్నా. "అరే, ఫార్మాలిటీనే, సార్ వెళ్ళిపోతారు" అన్నాడు తెచ్చినతను. చదివా. రెండు నిమిషాలు పట్టింది. టీషర్టుల బిల్లు. మేం ఇచ్చిన టీషర్టుల కంటే ముప్ఫై ఎక్కువున్నాయి. అడిగితే "లాస్ట్ ఇయర్ వాళ్ళది అడ్జస్ట్ చేశాం" అన్నాడు. నిజమే కావచ్చు. ఆ లెక్క కూడా రాసిస్తే పెడతానన్నా. అతని ముఖం మారిపోయింది. రెండు రోజులు గ్రూపులో నాతో ఎవరూ మాట్లాడలేదు. మూడో రోజు లెక్క వచ్చింది, సరిపోయింది, సంతకం పెట్టా. దొంగతనమేమీ బయటపడలేదు. నేను హీరోయిన్ని కూడా కాలేదు. ఇప్పుడు కాగితం తెచ్చేవాళ్ళు కాస్త ముందుగా తెస్తున్నారు, అంతే తేడా.

ఈ వ్యాసం పంపే ముందు నిన్న రాత్రి ఫోన్లో నాన్నమ్మకి మొత్తం చదివి వినిపించా. తాతయ్య గురించి రాసింది తీసెయ్యనా అని అడిగా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఉంచు. ఆయన సైకిల్ ముక్క కూడా ఉంచు" అంది. తర్వాత, "ఒక్కటి తప్పు రాశావే. మూడు రోజులు కాదు. నాలుగు. వాల్వు కట్టించింది ఆదివారం, మళ్ళీ నీళ్ళు వదిలింది గురువారం పొద్దున" అంది.

కాబట్టి పైన మూడు రోజులు అని ఉన్న చోట నాలుగు అని చదువుకోండి. సర్పంచ్ గారు చెప్పారు.